గీత దాకా కొసరు

శ్రీముఖలింగం గుడి గోడల మీద పూర్వపు రాజులు తమ దానాలన్నీ రాతిలో చెక్కించుకున్నారు. ఎవరు ఏ దీపం పెట్టించారు, దాని నూనెకు ఏం ఏర్పాటు చేశారు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఇవ్వడం కంటే చెక్కించడానికే ఎక్కువ శ్రమపడ్డారేమో అనిపిస్తుంది. భోగాపురానికి తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న పేటలో గున్నమ్మ నలభై ఏళ్ళుగా వేస్తున్న కొసరు మాత్రం ఏ రాతి మీదికీ ఎక్కలేదు. చరిత్రకారుల చూపు ఎంతసేపూ రాళ్ళ మీదే గానీ చేపల తట్టల మీద ఉండదు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు.

గున్నమ్మ చేపలు తూచదు, వాటాలు వేస్తుంది. బేరం తెగి, వాటా సంచిలో పడి, కొన్నవాళ్ళు లేచి నిలబడ్డాక ఆమె కుడిచెయ్యి దానంతటదే తట్టలోకి వెళ్ళి, గుప్పెడు నెత్తళ్ళో, ఒక చిన్న కానాగంత చేపో తీసి సంచిలో పడేస్తుంది. అడిగినవాళ్ళకీ వేస్తుంది, అడగనివాళ్ళకీ వేస్తుంది. తన చేపల్ని, తనని, తన వంశాన్ని తిట్టి బేరమాడినవాళ్ళకి మరి రెండు ఎక్కువ వేస్తుంది. విమానాశ్రయం పనికి వచ్చిన ఉత్తరాది ఇంజినీరొకడు, నేనివి అడగలేదే అని ఆ నెత్తళ్ళు మర్యాదగా తిరిగి ఇవ్వబోతే గున్నమ్మ ఆ రోజంతా మనసు పాడుచేసుకుంది.

"అడిగితే అది కొసరెలాగవుతాది?" అంది పక్క తట్ట కూర్మమ్మతో.

కూర్మమ్మ కొసరు వెయ్యదు. "ఊరికే పోతన్నాది నీ సొమ్ము" అంది.

"పోతే పోనీ. గీత దాకా ఇస్తే అది కొలత. గీత మీద ఇంకొంచెం ఏస్తే అప్పుడు ఇచ్చినట్టు. గున్నమ్మ తక్కువిచ్చిందని ఇప్పటిదాకా ఒక్కడన్నాడేటి?"

ఎవరూ అనలేదన్నది నిజం. ఒక తుపాను ఏడాది పడవలు వారం పాటు కదలక, తట్టలో పాతిక చేపలు కూడా లేని రోజున గున్నమ్మ తన వంటింట్లో దాచుకున్న ఎండుచేపల్ని కొసరు వేసి ఇంటికి వచ్చి చింతపండు చారు తాగింది. రాజులెవరూ ఇలాంటి పని చేసినట్టు శాసనాల్లో లేదు.

ఇలాంటి గున్నమ్మకు కొడుకు హరిబాబు ఒక్కడే. సముద్రం మీదికి వెళతాడు. కోడలు అనిత గున్నమ్మ సొంత తమ్ముడి కూతురే. వాళ్ళిద్దరికీ పుట్టిన ఈశ్వర్ మూడో రోజుకే పాలు మానేశాడు, ఏడుపు మానేశాడు, చివరికి కళ్ళు తెరవడం కూడా మానేశాడు. విజయనగరంలో చూసి విశాఖపట్నం పొమ్మన్నారు. అక్కడి పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు పిల్లవాడు గాజు పెట్టెలో, మిగతావాళ్ళు వరండాలో ఉన్నారు. గున్నమ్మ ఆ పదకొండు రోజులూ తట్ట ముట్టలేదు.

పిల్లవాణ్ణి బతికించిన డాక్టరు ఝాన్సీలక్ష్మి బొబ్బిలి ఆవిడ. జబ్బు పేరు ఒక కార్డు మీద రాసిచ్చింది. హరిబాబు దాన్ని పడవ నంబరు చదివినట్టు ఒక్కొక్క అక్షరమే చదివి, సగం దూరం వెళ్ళి, తర్వాత చదువుదామని జేబులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ జేబులోనే ఉంది.

"లక్షమందిలో ఒకరికి కూడా రాదండీ ఇది" అంది ఝాన్సీలక్ష్మి. "మనం తిన్న పప్పూ చేపా పాలూ ఒంట్లో అరిగాక ఒక విషం మిగులుతుంది. దాన్ని బయటికి పంపడానికి మెట్లలాగా కొన్ని పనులు జరగాలి. మీ మనవడికి అందులో ఒక మెట్టు లేదు."

"ఒక్క మెట్టు నేకపోతే ఏటమ్మా, దూకీలేడా?"

"దూకలేడండీ. అందుకే ఈ పొడి. ఆ మెట్టు దగ్గర ఒంట్లో తయారు కావలసింది వీడికి తయారవదు కాబట్టి మనం బయటనుంచి ఇస్తాం. పాలు కొలిచి ఇవ్వాలి. చేప మాత్రం వాసన చూపించడం వరకే."

చేపలవాళ్ళింట్లో పుట్టి చేప తినకూడని పిల్లవాడు పేటకు కొత్త. చూడటానికి జనం వచ్చారు. గున్నమ్మ మొదట ఏడ్చింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత "లచ్చమందిలో నేదట ఇది, మా గుంటడికే ఉన్నాదట" అని కొంచెం గర్వంగానే చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఝాన్సీలక్ష్మి ఇలాంటి పిల్లలు పదకొండు మందిని చేర్చుకుని ఒక పరిశోధన మొదలుపెట్టింది. అందులో పేరున్న పిల్లలకు తెల్లపొడి ఆసుపత్రే ఇస్తుంది. బజారులో దొరకని పొడి. పేరుంటే పొడి ఉంది, పొడి ఉంటే పిల్లవాడు ఉన్నాడు. గున్నమ్మకు ఈ పరిశోధనలో తెలిసిన శాస్త్రం ఇంతే, దాని తాత్పర్యం కూడా ఇంతే.

డాక్టరు మిగతాది కూడా చెప్పబోయింది. "ఆ మెట్టు దగ్గరే ఒంట్లో ఒక గాలి కూడా పుట్టాలండీ. నైట్రిక్ ఆక్సైడ్ అంటాం. రక్తనాళాలు బిగుసుకుపోకుండా ఉంచేది అదే. ఇలాంటి పిల్లల్లో అది తక్కువగా పుడుతుందని మా అనుమానం. ఈ పొడి వేస్తే ఎంత పెరుగుతోందో చూస్తున్నాం."

"ఏ గాలమ్మా? తూరుపు గాలా, పడమటి గాలా?"

వైద్యంలో పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న ఝాన్సీలక్ష్మిని ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాస్త ఆలోచించి, "లోపలి గాలండీ" అంది.

"లోపలి గాలిని ఎలాగ పట్టుకుంటారు మరి?"

"పట్టుకోలేం. పుట్టిన మరుక్షణం మాయమైపోతుంది. కానీ దాని ఆనవాలు మూత్రంలోకి వస్తుంది. దాన్ని కొలిచి లోపల ఎంత పుట్టిందో లెక్క కడతాం."

ఇది గున్నమ్మకు వెంటనే అర్థమైంది. వలలో పడ్డదాన్ని చూసి సముద్రంలో ఏముందో చెప్పడం పేటలో పుట్టినవాళ్ళందరూ చేసే పనే.

మొదటిసారి మూత్రం ఆసుపత్రిలో నర్సులే పట్టారు. రెండోసారి ఇంటినుంచి పట్టి తేవాలన్నారు. మూడు రోజుల ముందునుంచి పిల్లవాడికి ఆకుకూర తగలకూడదు, బావి నీళ్ళు తగలకూడదు, ఆసుపత్రి ఇచ్చిన క్యాను నీళ్ళే పట్టాలి. వాటిలో కూడా ఆ ఆనవాలు ఉంటుందట, లెక్క చెడిపోతుందట. ల్యాబులో పనిచేసే గిరిబాబు పిల్లవాడి ఒంటికి అంటించే సంచీ, ఒక ప్లాస్టిక్ సీసా గున్నమ్మ చేతికిచ్చి, "ఇందులో పట్టి తెండి" అని తన ఫోనులోకి వెళ్ళిపోయాడు. సీసాకు పైనుంచి కొంచెం కిందగా నీలం గీత ఉంది. గీత సంగతి గిరిబాబు చెప్పలేదు. గున్నమ్మ అడగలేదు. గీత ఉన్న పాత్ర చేతికిస్తే గీత దాకా అని ఆమెకు ఒకరు చెప్పాలా?

ఆ మూడు రోజులూ నియమం యజ్ఞంలా నడిచింది. తోటకూర అమ్ముకునే మనిషిని వీధి మొదట్లోనే ఆపి వెనక్కి పంపారు. నాలుగో రోజు పొద్దున్నే హరిబాబు వేటకి పోయాడు. ఏడు గంటల బస్సు అందుకోవాలి. అనిత స్నానానికి వెళుతూ, "అత్తా, ఈడి సంగతి సూడు" అంది.

గున్నమ్మ చూసింది. సంచీ అంటించింది. ఈశ్వర్ దాన్ని కుడికాలితో తన్నాడు. మళ్ళీ అంటించింది. ఈసారి అతను పని కానిచ్చాడు గానీ అందులో సగం సంచీలోకి, సగం నాయనమ్మ చీర మీదికి పంచిపెట్టాడు. సంచీలోది సీసాలో పోస్తే గీతకు సగం దూరంలో ఆగింది. గున్నమ్మ ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్ళు సన్నగా ధార పోస్తూ చప్పుడు వినిపించింది. హరిబాబు చిన్నప్పుడు ఈ చప్పుడుకి ఎప్పుడూ కాదనలేదు. ఈశ్వర్ చప్పుడు శ్రద్ధగా విని నవ్వాడు. అంతకుమించి ఏమీ ఇవ్వలేదు.

ఆరున్నర అయింది. సగం సీసా తీసుకుని అంత పెద్ద డాక్టరు ముందు ఎలా నిలబడాలి? గున్నమ్మ మనవడు తక్కువిచ్చాడని రాసుకోరూ? తక్కువిచ్చినవాడి పేరు ఉంచుతారా?

ఎదురింటి అరుగు మీద యమున తన పది నెలల కూతురు హేమకి నూనె రాస్తోంది. ఆ పిల్లకి ఏ జబ్బూ లేదు.

"ఒసే యమునా, నీ కూతురిది ఒకసారి ఇయ్యవే."

"ఏటి పెద్దమ్మా?"

"ఉచ్చ."

యమున నూనె గిన్నె కింద పెట్టింది. "అదేటి, సేపల కూరేటి గిన్నెడు అడుగుతన్నావు?"

"మా గుంటడిది సాలనేదే. ఇసాపట్నం పట్టికెళ్ళాల. బస్సెల్లిపోతాది, బేగి."

పేటలో ఒక ఇంట్లో ఉప్పు నిండుకుంటే పక్కింటినుంచి తెచ్చుకుంటారు. చింతపండు తెచ్చుకుంటారు. పెళ్ళికి వెళ్ళాలంటే గొలుసు తెచ్చుకుంటారు. ఈ వరసలో ఇదీ ఒకటి. యమున కూతుర్ని ఒక చేత్తో లేవదీసింది. స్టీలు గ్లాసు పట్టుకుంది, గున్నమ్మ చెంబు ధార పోసింది. ఆరోగ్యవంతురాలైన హేమ మొదటి ధారకే ఉదారంగా స్పందించింది. సీసా గీత దాకా నిండింది. గున్నమ్మ చెయ్యి దానంతటదే ఇంకో రెండు చుక్కలు పైన వేసింది.

"నిండిందా అత్తా?" అని అడిగింది అనిత తల తుడుచుకుంటూ.

"నిండిందే" అంది గున్నమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

పదిరోజుల తర్వాత ఆసుపత్రినుంచి రమ్మని ఫోను. ఎప్పుడూ నవ్వని ఝాన్సీలక్ష్మి ఆ రోజు వాళ్ళు లోపలికి రాగానే నవ్వింది. బల్ల మీది కంప్యూటరు తెరని వాళ్ళ వైపు తిప్పింది. దాని మీద తొమ్మిది చిన్న గీతలు, ఒక పెద్ద గీత ఉన్నాయి.

"ఆ పెద్దది మీవాడిదండీ. గాలి ఆనవాలు క్రితంసారికి మూడింతలుంది. ఈ జబ్బువల్ల మూత్రంలోకి వచ్చే ఉండకూడని పదార్థం సగానికి సగం తగ్గింది. ఈ పొడికి ఇంత బాగా లొంగిన పిల్లాడు ఇంకొకడు లేడు. రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. నెలాఖరుకి హైదరాబాదులో డాక్టర్ల సభ ఉంది, పేరు చెప్పకుండా వీడి సంగతి అక్కడ చెబుతాను."

అనిత కళ్ళు తుడుచుకుంది. గున్నమ్మ ఆ పెద్ద గీతని తేరిపార చూసింది. అందులో తనకు హేమ పోలిక కనిపించినట్టయింది.

"ఇంకో మంచిమాట" అంది డాక్టరు. "ఆ పొడి అవసరానికి మించి వెయ్యడం కూడా మంచిది కాదు. సోమవారం నుంచి సగానికి తగ్గిద్దాం."

గున్నమ్మ నోరు తెరిచింది.

"ఇంట్లో నేను చెప్పినట్టు ఇంత శుద్ధంగా చేసినవాళ్ళు మీరే" అని డాక్టరు అంతలోనే అందుకుంది. "మొన్న ఒకళ్ళు పిల్లకి ఏం పెట్టారో తప్పు రాసిచ్చారు. పేరు తీసెయ్యవలసొచ్చింది."

గున్నమ్మ నోరు మూసింది.

పేటలో ఆ సాయంత్రం సందడే సందడి. హరిబాబు ఇంటింటికీ లడ్డూలు పంచాడు. లడ్డూ తింటూ యమున వచ్చి గున్నమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, పరీచ్చలో పస్టున వచ్చిందట కదా. అది మా పిల్లదే కాదేటి."

"గట్టిగా అనకే."

"అంటే ఏటి, కష్టపడి ఇచ్చింది." యమున ఇంకో ముక్క కొరికి, నమలడం ఆపింది. "అది సరే గానీ పెద్దమ్మా, మా పిల్ల బాగుందని మీ గుంటడికి మందు తగ్గించడమేటి?"

చెబితే పేరు పోతుంది, పేరు పోతే పొడి పోతుంది. చెప్పకపోతే సగం పొడి పోతుంది, పిల్లవాడు మళ్ళీ గాజు పెట్టెలోకి పోతాడు. గున్నమ్మ రెండురోజులు ఈ లెక్క వేసింది. ఆదివారం బజారులో ఒకాయనకు వాటా ఇచ్చి చెయ్యి తట్టలో పెట్టి అలాగే మరిచిపోయింది. నీకేటైంది ఈయేళ అని కూర్మమ్మే ఆమె తట్టలోంచి రెండు నెత్తళ్ళు తీసి ఆయన సంచిలో వేసింది. తన తట్టలోంచి కాదు.

సోమవారం పొద్దున్న అనిత పొడి డబ్బా తెరిచి సగం చెంచా తీస్తుంటే గున్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నిండుగా ఎయ్యి. బట్టలు మార్చుకో, ఇసాపట్నం ఎల్తన్నాం."

సంగతి బస్సులో చెప్పింది. రెండు ఊళ్ళు దాటాక అనిత కిటికీ వైపునుంచి ముఖం ఇటు తిప్పింది.

"ఎంత కలిపావత్తా?"

"సగం."

"సగమా?"

"గీత దాకా."

అనిత అత్త ఒళ్ళోంచి పిల్లవాణ్ణి తీసుకుని తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా మళ్ళీ ఇవ్వలేదు. నలభై ఏళ్ళలో గున్నమ్మ చేతిలోంచి ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోలేదు.

ఝాన్సీలక్ష్మి సభకు చూపించవలసిన బొమ్మలు సర్దుకుంటోంది. గున్నమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. చీర తడిసిన దగ్గర మొదలుపెట్టి రెండు చుక్కల కొసరు దాకా ఏదీ వదల్లేదు.

డాక్టరు చేతిలోని బొమ్మలు బల్ల మీద పెట్టింది. తర్వాత ఆమె అడిగింది కూడా అనిత అడిగిందే.

"ఎంత కలిపారు?"

"సగం డాట్రమ్మా."

ఝాన్సీలక్ష్మి కాగితం మీద ఏవో అంకెలు వేసింది. ఉండకూడని పదార్థం సగానికి సగం ఎందుకు తగ్గిందో ఆ కాగితానికి అర్థమైంది. "ఆ రెండో పాప ఏం తింటుంది?"

"తోటకూర పప్పు. బాగా తింటాది."

"నీళ్ళు?"

"బావి నీళ్ళే."

డాక్టరు కంప్యూటరు మూత మూసింది. బొబ్బిలి కోట కూలినప్పుడు కూడా అంత నెమ్మదిగా కూలి ఉండదు.

"పేరు కొట్టేస్తారా?" అంది గున్నమ్మ. "కొట్టేస్తే నాది కొట్టీండమ్మా. ఆసుపత్రిలోకి మళ్ళీ రాను. గుంటడిది కొట్టకండి. ఆడేటీ సెయ్యనేదు. ఆడికొచ్చింది ఆడిచ్చాడు."

"మీ పేరు మా దగ్గర లేదండీ కొట్టడానికి." ఝాన్సీలక్ష్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా తాతకి బొబ్బిలిలో కిరాణా కొట్టుండేది. త్రాసు ముల్లు నిటారుగా నిలబడితే గానీ పొట్లం కట్టేవాడు కాదు. కొసరు కోసం రోజూ ఎవరో ఒకరు వచ్చి ఆయనతో దెబ్బలాడేవారు. చిన్నప్పుడు నాకు దెబ్బలాడినవాళ్ళదే న్యాయం అనిపించేది."

"ఇప్పుడమ్మా?"

"ఇప్పుడు మా తాతదే అనిపిస్తోంది." కళ్ళజోడు పెట్టుకుంది. "మీరు చెప్పకుండా ఉంటే, వీడు మళ్ళీ స్పృహ లేకుండా వస్తే, అప్పుడు ఏం కొట్టేదాన్నో నాకు తెలీదు. చెప్పారు. పేరు ఉంటుంది. పొడి పాత లెక్కే, నిండు చెంచా. పరీక్ష మళ్ళీ చెయ్యాలి. మూడు రోజుల పథ్యం అయ్యాక ఇక్కడికే వచ్చి, నా కళ్ళ ముందు పట్టండి. కొసరు మాత్రం వద్దు గున్నమ్మగారూ."

"గీత దాకా మట్టుకే" అంది గున్నమ్మ, ఒట్టు పెట్టుకుంటున్నట్టు.

అప్పుడు అనిత పిల్లవాణ్ణి మళ్ళీ అత్త చేతుల్లో పెట్టింది.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు గున్నమ్మ ఆసుపత్రి వరండాలో మనవడితో, సీసాతో, రెండు చెంబులతో బైఠాయించింది. తొమ్మిదిన్నరకి మొదటి విడత వచ్చింది, గీతకు మూడోవంతు. చెంబు ధార పోస్తూనే ఉంది. వార్డులో ఉన్న పిల్లలందరూ ఆ చప్పుడు విని తమ తమ పక్కలు తడిపేశారని నర్సులు వచ్చి మొర పెట్టుకున్నారు. ఈశ్వర్ ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. పదకొండుకి రెండో విడత. పక్క బెంచీ మీది తల్లి చంకలో బొద్దుగా ఉన్న పిల్లవాడొకడు కూర్చున్న చోటే ధార కడుతుంటే గున్నమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. ఒంటిగంటకి మూడో విడత. సీసా నీలం గీత మీద సరిగ్గా నిలిచింది. ఆమె కుడిచెయ్యి అలవాటు కొద్దీ కదలబోతే ఎడమచేత్తో పట్టుకుంది.

నలభై ఏళ్ళలో కొసరు లేకుండా గున్నమ్మ ఇచ్చిన మొదటి సరుకు అది. రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా వరండా అంతా నడిచి, ల్యాబు కిటికీ దగ్గర గిరిబాబు ముందు పెట్టింది. "గీత దాకా ఉన్నాది, సూసుకో బాబూ. అంతా మా గుంటడిదే" అంది.

గిరిబాబు సిరంజితో అందులోంచి అయిదు మిల్లీలీటర్లు తీసుకుని మిగిలింది సింకులో పారబోశాడు. పరీక్షకి ఎప్పుడూ తీసుకునేది అంతే.